లూథర్‌ని గెలిపించింది అచ్చుయంత్రమేనా?

సందేహాల సత్తిబాబు
శనివారం రాత్రి 9:14

అందరికీ నమస్కారం. గ్రూప్స్‌కి చదువుతున్నాను. ప్రపంచ చరిత్రలో మత సంస్కరణోద్యమం దగ్గర, అంటే జర్మన్ సన్యాసి మార్టిన్ లూథర్ కేథలిక్ చర్చి మీద తిరగబడ్డ ఘట్టం దగ్గర బండి ఆగిపోయింది. మా కోచింగ్ సారు ఒక్క ముక్కలో తేల్చేశారు: "అచ్చుయంత్రం లేకపోతే లూథర్ లేడు, రాసుకోండి." రాసుకున్నాను గానీ మింగుడు పడటం లేదు.

గూటెన్‌బర్గ్ బైబిలు అచ్చయింది 1455 ప్రాంతంలో. లూథర్ 95 అంశాలు బయటికొచ్చింది 1517 అక్టోబరు 31న. మధ్యలో అరవై ఏళ్లపాటు ఆ యంత్రం ఏం చేస్తున్నట్టు? పైగా అప్పటి జర్మనీలో నూటికి ఐదుగురికి మించి చదవడం రాదని అంచనా అంటారు. అక్షరం ముక్క రాని జనంలోకి పుస్తకం ఎలా దూరింది? తెలిసినవాళ్లు చెప్పండి. మార్కుల కోసం అడగటం లేదు. (సరే, కొంచెం మార్కుల కోసం కూడా.)


హిస్టరీ టీచరమ్మ
శనివారం రాత్రి 9:41

మంచి ప్రశ్న సత్తిబాబు గారూ. ముందు మన పాఠాల్లో తప్పుగా నాటుకుపోయిన సంగతి ఒకటి సరిచేద్దాం. ఆ 95 అంశాలు లాటిన్‌లో ఉన్నాయి. పాపపరిహార పత్రాల మీద, అంటే పాపానికి శిక్ష తగ్గుతుందని చెప్పి చర్చి డబ్బుకి ఇచ్చే కాగితాల మీద, పండితులు వాదించుకోవడానికి రాసినవి. మామూలు జనానికి అవి అర్థం కావు. లూథర్ ఆ రోజు వాటిని మైన్జ్ ఆర్చ్‌బిషప్ ఆల్బ్రెక్ట్‌కి ఉత్తరంతో జతచేసి పంపాడు, ఇది ఖాయం. ఆ ఏడాది చివరికల్లా న్యూరెంబర్గ్, లైప్‌జిగ్, బాసెల్ ఊళ్లలో అచ్చయిపోయాయి.

అసలు కథ ఆ మరుసటి ఏడాది మొదలైంది. 1518లో లూథర్ అదే విషయాన్ని జర్మన్‌లో, ఇరవై చిన్న చిన్న పేరాల్లో, ఎవరికైనా తెలిసేటట్టు రాశాడు. పాపపరిహారం, దైవకృపల మీద చిన్న ప్రసంగం. రెండేళ్లలో ఇరవైకి పైగా ముద్రణలు పడ్డాయి. నా లెక్కలో లూథర్ రచయితగా పుట్టింది అక్కడే, 1517లో కాదు.


లైప్‌జిగ్ లక్ష్మణ్
శనివారం రాత్రి 10:05

టీచరమ్మ గారూ, మరి లూథర్ ఆ 95 అంశాల్ని చర్చి తలుపుకి మేకులతో కొట్టాడంటారే, ఆ సంగతి?

నేను ఇక్కడికొచ్చిన మొదటి వేసవిలోనే లూథర్ ఊరు విట్టెన్‌బర్గ్ వెళ్లాను. మా ఊరి నుంచి రైలెక్కితే గంటలోపే. తలుపు చూద్దామని పరుగెత్తితే ఇత్తడిలాంటి పెద్ద కంచు తలుపు కనపడింది, దాని మీద 95 అంశాలూ పోతపోసి ఉన్నాయి. అది 1858లో పెట్టినదట. అసలు చెక్క తలుపు 1760లో యుద్ధంలో తగలబడిపోయింది. అంటే అందరం ఫొటో దిగేది లూథర్ ఎప్పుడూ చూడని తలుపు ముందు. నేనూ దిగాను, ఒప్పుకుంటున్నా.


హిస్టరీ టీచరమ్మ
శనివారం రాత్రి 10:12

మేకుల సంగతి లూథర్ తానుగా ఎక్కడా చెప్పుకోలేదు లక్ష్మణ్ గారూ. 1546లో ఆయన పోయాక ఆయన సహచరుడు మెలాంక్తన్ రాశాడు. ఆ మెలాంక్తన్ విట్టెన్‌బర్గ్‌కి వచ్చిందే 1518లో, అంటే కళ్లారా చూసినవాడు కాడు. అయితే విశ్వవిద్యాలయం నోటీసులు ఆ తలుపుకే అంటించే ఆనవాయితీ ఉంది కాబట్టి జరిగి ఉండొచ్చు కూడా. జరిగినా అది మన కాలేజీ నోటీసు బోర్డు మీద కాగితం లాంటిది. సినిమాలో చూపించినట్టు సుత్తి మోత, చుట్టూ జనం, అవన్నీ తర్వాత చేర్చిన హంగులు.


కుండబద్దలు
శనివారం రాత్రి 10:30

నేను కోచింగ్ సారుకు ఎదురు వాదిస్త. అచ్చుయంత్రం ఉంటే చాలు అనుకుంటే సావొనరోలా ఎందుకు చచ్చిండు? ఫ్లోరెన్సుల ఆయన గూడ చర్చి కుళ్లు మీదనే మాట్లాడిండు. ఆయన ప్రసంగాలు బొచ్చెడు అచ్చయినయి. బొమ్మలతోటి సహా. 1498ల ఉరి తీసి, శవాన్ని కాలబెట్టిన్రు. యంత్రం ఆపలేదు గదా?

అంతకుముందు 1415ల, చర్చిని గిట్లనే తప్పుపట్టిన బొహీమియా బోధకుడు యాన్ హుస్‌ను సజీవంగ కాల్చిన్రు. అప్పటికి యంత్రం లేదు, ఒప్పుకుంట. కానీ హుస్‌కు, లూథర్‌కు నడుమ నాకు కనబడే తేడా వేరే. లూథర్‌కు వెనక శాక్సనీ రాజు ఫ్రెడ్రిక్ ఉన్నడు. 1521ల వర్మ్స్ సభల చక్రవర్తి శాపనార్థాలు పెట్టినంక, మధ్య దారిల ఎత్తుకపోయినట్టు చేసి వార్ట్‌బర్గ్ కోటల దాచిపెట్టింది ఆ రాజే. చక్రవర్తికి ఒకదిక్కు ఫ్రెంచోళ్లతోటి లడాయి, ఇంకోదిక్కు తుర్కోళ్లు. 1529ల వియన్నా గోడల దాక వచ్చిన్రు. గీ జర్మన్ సన్యాసి గురించి పట్టించుకునే తీరిక ఎక్కడిది?

రాజు కాపాడిండు, రాజకీయం కలిసొచ్చింది. కాగితానికి అంత కీర్తి ఎందుకు?


సీసపక్షరం
శనివారం రాత్రి 11:20

పిల్లలూ, నేను చరిత్ర చదివినవాణ్ణి కాదు. పద్నాలుగో ఏట తెనాలిలో ఒక ప్రెస్సులో కంపోజింగ్‌కి, అంటే సీసపు అక్షరాలు పేర్చే పనికి చేరి, ఆఫ్‌సెట్ వచ్చి మా అక్షరాల గళ్ల పెట్టెల్ని (కేసులంటాం) పాత ఇనుప సామాను వాడికి తూకానికి అమ్మేదాకా ఆ పనే చేశాను. ఈ విషయం మీద దొరికినవి చదువుతూ ఉంటాను, ఎందుకంటే ఇది మా వృత్తి కథ. సత్తిబాబు అడిగిన అరవై ఏళ్ల లెక్క ప్రెస్సు గుమ్మంలో నిలబడి చూస్తే తేలిపోతుంది.

ప్రెస్సు ఎలా బతుకుతుందో తెలుసా నాయనా? పుస్తకాల మీద బతకదు. పెళ్లి శుభలేఖల మీద, బిల్లు బుక్కుల మీద, సినిమా కరపత్రాల మీద బతుకుతుంది. పుస్తకమంటే ముందు కాగితం కొనాలి, నెలల తరబడి టైపు ఇరుక్కుపోవాలి, కూలి ఇవ్వాలి, అచ్చయ్యాక అమ్ముడు కావాలి. గూటెన్‌బర్గ్‌కి జరిగింది అదే. పన్నెండు వందల పేజీలు దాటిన బైబిలు, సుమారు 180 ప్రతులని అంచనా. పని పూర్తయ్యేసరికి అప్పిచ్చిన ఫుస్ట్ కోర్టుకెక్కాడు, 1455లో సామాను పట్టుకుపోయాడు. మా రోజుల్లో కూడా పురాణం అచ్చేస్తానని బయల్దేరి ఇల్లమ్ముకున్న ఓనర్లని చూశాను.

ఇక అసలు తమాషా వినండి. అదే గూటెన్‌బర్గ్ కాలంలో, 1454, 55లలో, ఆయన ఊరు మైన్జ్‌లోనే పాపపరిహార పత్రాలు అచ్చేశారు. ఒక వైపే అచ్చు, పేరుకీ తేదీకీ ఖాళీలు. అచ్చం మన రసీదు బుక్కు! చర్చి ఆర్డరు ఇస్తుంది, డబ్బు చేతికొస్తుంది, సరుకు మిగిలిపోతుందన్న బెంగ లేదు. అరవై ఏళ్లూ యంత్రం ఏం చేసిందన్నావు కదా, అందులో కొంత ఈ పని చేసింది. తర్వాత లూథర్ ఏ పత్రాల మీద తిరగబడ్డాడో ఆ పత్రాల కూలితోనే ప్రెస్సులు పొయ్యి వెలిగించుకున్నాయి.

ఇప్పుడు లూథర్ చేసిన పని చూడండి. టీచరమ్మ గారు చెప్పిన ఆ జర్మన్ ప్రసంగం సరిగ్గా ఒక షీటు. ఒకే ఒక్క పెద్ద కాగితాన్ని రెండు మడతలు పెడితే నాలుగు ఆకులు, ఎనిమిది పేజీలు. కుట్టు పని దాదాపు లేదు, అట్ట లేదు. ఆ కాలం చెక్క ప్రెస్సు మీద ఇద్దరు మనుషులు పనిచేస్తారు. ఒకడు తోలు బంతులతో సిరా అద్దుతాడు, ఇంకొకడు పిడి లాగుతాడు. ఒకరోజు ఒక వైపు, మర్నాడు రెండో వైపు. వారం తిరక్కుండా సరుకు అమ్మి కాగితం బాకీ తీర్చేసి మళ్లీ వెయ్యొచ్చు. పెట్టుబడి తక్కువ, తిరుగుడు ఎక్కువ. పెద్ద పుస్తకం ప్రెస్సుని ముంచితే ఈ ఎనిమిది పేజీలు తేల్చాయి.

రాజుగారు లూథర్ ప్రాణం కాపాడి ఉండొచ్చు కుండబద్దలు గారూ. మాట కాపాడింది మాత్రం లాభం చూసుకున్న ప్రెస్సు ఓనర్లే. వాళ్లలో ఎంతమందికి భక్తి ఉందో ఆ దేవుడికే తెలియాలి.


సందేహాల సత్తిబాబు
శనివారం రాత్రి 11:34

బాబాయ్ గారూ, రసీదు బుక్కు పోలికతో నా బుర్రలో బల్బు వెలిగింది. ఆ ఎనిమిది పేజీల మడత మాత్రం అర్థం కాలేదు. రెండు మడతలకి ఎనిమిది ఎలా వస్తాయి? రేపు కాగితం తీసుకుని చూస్తా.


లైప్‌జిగ్ లక్ష్మణ్
ఆదివారం మధ్యాహ్నం 1:10

మాస్టారి మాటకి మా ఊరే సాక్ష్యం. లూథర్‌కి ముందు ఈ ప్రాంతంలో అచ్చు పనికి పెద్ద ఊరు లైప్‌జిగ్. విట్టెన్‌బర్గ్ రెండు వేల పైచిలుకు జనం ఉన్న చిన్న పట్నం. అయితే శాక్సనీ అప్పటికి రెండు ముక్కలు. విట్టెన్‌బర్గ్ ఫ్రెడ్రిక్‌ది, లైప్‌జిగ్ ఆయన దాయాది జార్జ్‌ది. ఈ జార్జ్‌కి లూథర్ అంటే ఒళ్లు మంట. లూథర్ పుస్తకాలు అచ్చెయ్యొద్దు, అమ్మొద్దు అని ఆజ్ఞ జారీ చేశాడు.

1524లో లైప్‌జిగ్ ముద్రాపకులు లబోదిబోమన్నారు. వాళ్ల తరఫున నగర పాలక సభ జార్జ్‌కి అర్జీ పెట్టింది. సారాంశం ఏమిటంటే, జనం ఏం కావాలంటున్నారో అది మేం అమ్మకూడదు, మా దగ్గర గుట్టలుగా పడున్నది ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాడు లేడు, ఇల్లూ వాకిలీ పోయేలా ఉంది అని. ఆ గుట్టలుగా పడున్నవి లూథర్‌కి జవాబుగా రాసిన కేథలిక్ పుస్తకాలు.

ఇంకో ముక్క. లైప్‌జిగ్‌లో పేరున్న ముద్రాపకుడు మెల్కియర్ లొట్టర్. ఆజ్ఞలు ముదరకముందే పసిగట్టి విట్టెన్‌బర్గ్‌లో ఒక శాఖ తెరిచాడు. 1520లో లూథర్ జర్మన్ ప్రభువర్గానికి రాసిన విజ్ఞప్తిని 4,000 ప్రతులు వేస్తే కొద్ది రోజుల్లో అయిపోయాయి. ఆ కాలానికి వెయ్యి వేస్తేనే ధైర్యం అనుకోవాలి.


సీసపక్షరం
ఆదివారం మధ్యాహ్నం 2:25

లొట్టర్ రాకముందు విట్టెన్‌బర్గ్‌లో ఉన్న ముద్రాపకుడు రావ్ గ్రూనెన్‌బర్గ్ పనితనం గురించి లూథర్ తిట్టిన తిట్లు చదివి నవ్వుకున్నాను. వార్ట్‌బర్గ్‌లో దాక్కుని ఉండి కూడా ఉత్తరంలో అదే గోల. అచ్చు మురికిగా ఉంది, టైపు బాగాలేదు, కాగితం బాగాలేదు. ఒక పక్క తల తీస్తామని చక్రవర్తి వెతుకుతుంటే ఈయన ప్రూఫుల గురించి మండిపడుతున్నాడు! రచయిత అంటే అలా ఉండాలి. మా దగ్గరికొచ్చే కవిగార్లు గుర్తొచ్చారు.

ముద్రాపకుల దగ్గర లూథర్ పైసా పుచ్చుకోలేదని కూడా చదివాను. కాపీరైట్ లేని కాలం. ఒక ఊళ్లో వేసింది తెచ్చుకుని పక్క ఊరివాడు కంపోజు చేసుకుని మళ్లీ వేసేవాడు. రచయితకి నష్టం, మాటకి లాభం. బండ్ల మీద పుస్తకాలు మొయ్యక్కర్లేదు, ఒక్క కాపీ ఊరు చేరితే ఆ ఊరి ప్రెస్సే మిగతాది చూసుకుంటుంది.


హిస్టరీ టీచరమ్మ
ఆదివారం సాయంత్రం 5:02

ఆ "మళ్లీ వేసుకోవడం"లో నాకిష్టమైన ఉదాహరణ ఉంది. లూథర్ కోటలో దాక్కున్నప్పుడు పదకొండు వారాల్లో కొత్త నిబంధనని గ్రీకు నుంచి జర్మన్‌లోకి తెచ్చాడు. చిత్రకారుడు లూకాస్ క్రానాక్, అతని భాగస్వామి డోరింగ్ డబ్బు పెట్టారు, లొట్టర్ అచ్చేశాడు. 1522 సెప్టెంబరులో వచ్చింది, డిసెంబరుకల్లా రెండో ముద్రణ వేయాల్సి వచ్చింది. బాసెల్‌లో ఆడమ్ పెట్రి అనే ముద్రాపకుడు వెంటనే తనూ వేశాడు. కానీ లూథర్ తూర్పు జర్మన్ మాటలు కొన్ని దక్షిణాదివాళ్లకి తెలియవు. అందుకని పెట్రి ఒక చిన్న పదాల పట్టిక చేర్చాడు, ఈ మాటకి మన వైపు ఈ మాట అని. శ్రీకాకుళంలో రాసిన కథని మదనపల్లెలో అచ్చేస్తూ వెనక అర్థాలు ఇచ్చినట్టు.

అనువాదం గురించి లూథర్ 1530లో ఒక బహిరంగ లేఖ రాశాడు. జర్మన్ ఎలా మాట్లాడాలో లాటిన్ అక్షరాలని అడక్కండి, ఇంట్లో తల్లినీ, వీధిలో పిల్లల్నీ, అంగట్లో మామూలు మనిషినీ అడగండి అన్నది అందులో ఆయన వాదన. మన వాడుక భాష గొడవలు చదివినవాళ్లకి ఇది చాలా దగ్గరగా వినపడుతుంది.

తల్లి అంటే గుర్తొచ్చింది, ఇంతవరకూ ఈ చర్చలో ఆడవాళ్లెవరూ రాలేదు. ఆర్గులా ఫోన్ గ్రుంబాక్ పేరు రాసుకోండి సత్తిబాబు గారూ. బవేరియా ఆవిడ. 1523లో ఇంగోల్‌స్టాట్ విశ్వవిద్యాలయం ఒక కుర్ర అధ్యాపకుణ్ణి లూథర్ భావాలున్నాయని బెదిరించి, వాటిని వదులుకుంటున్నానని ప్రమాణం చేయించింది. ఈవిడ నేరుగా విశ్వవిద్యాలయానికే ఉత్తరం రాసింది. నాకు లాటిన్ రాదు, మీకు జర్మన్ వచ్చు కదా, రండి అందరి ముందూ జర్మన్‌లో వాదించుకుందాం అని సవాలు. ఆ ఉత్తరం అచ్చై చేతులు మారుతూ పోయింది. పండితులు జవాబివ్వలేదు. భర్త ఉద్యోగం మాత్రం ఊడగొట్టారు. ఈ ఒక్క సంగతి చెప్పినప్పుడు మా క్లాసులో ఆడపిల్లలు తలెత్తి చూస్తారు.


కుండబద్దలు
ఆదివారం రాత్రి 8:15

మేడం, గీ ముచ్చట నాకు తెల్వదు. మంచిగున్నది.

సరే, సగం ఒప్పుకుంట. సావొనరోలాకు ప్రెస్సు ఉండె గానీ ఊరూరికి, ఒకల మీద ఒకలు పోటీపడి మళ్లా అచ్చేసెటోళ్లు అంతగనం లేకుండె. జర్మనీల ఒక్క రాజధాని లేదు, వంద రాజ్యాలు. ఒకడు ఆపితె పక్కోడు ఏస్తడు. అంటె నా రాజకీయం, మాస్టారి వ్యాపారం రెండూ కలిసినయన్నట్టు.

కానీ సత్తిబాబు రెండో ప్రశ్నకు ఎవలు జవాబు చెప్పలే. చదువు రానోడి సంగతేంది? క్రానాక్ 1521ల బొమ్మల పుస్తకం ఒకటి తెచ్చిండు. పదమూడు జతలు. ఒక పక్క క్రీస్తు శిష్యుల కాళ్లు కడుగుతుంటడు, ఎదురుంగ పోప్ తన కాళ్లకు ముద్దులు పెట్టించుకుంటుంటడు. ఒక పక్క ముళ్ల కిరీటం, ఇంకో పక్క మూడంతస్తుల కిరీటం. అక్షరం అక్కర్లే. మా దిక్కు పటం కథ చెప్పెటోళ్లు బట్ట మీద బొమ్మలు ఒక్కొక్కటి ఇప్పుకుంట కథ నడిపిస్తరు సూడు, అట్ల.


సీసపక్షరం
ఆదివారం రాత్రి 9:30

చదువు రానివాడి సంగతి నేను చెబుతాను. మా వీధి చివర టీకొట్టులో రోజూ ఒక్కటే పేపరు. చదివేవాడు ఒక్కడు. వినేవాళ్లు పదిహేను మంది. మధ్యలో ఆపి తిట్టేవాడొకడు, "మళ్లీ చదువు" అనేవాడొకడు. ఆ పేపరు ఎంతమంది చదివినట్టు లెక్కెయ్యాలి?

జర్మనీ ఊళ్లలోనూ అంతే. చిన్న పుస్తకాన్ని పూటకూళ్ల ఇంట్లో ఒకడు పైకి చదివితే మిగతావాళ్లు విన్నారు. దాన్నే చర్చిలో బోధకుడు చెప్పాడు. ఇంకా ముఖ్యం పాట. 1524లో లూథర్ పక్షం వాళ్లు మొదటి పాటల పుస్తకం వేశారు. ఎన్ని పాటలనుకున్నారు? ఎనిమిది! దానికి పేరే ఎనిమిది పాటల పుస్తకం అని పడిపోయింది. ఎనిమిది పాటలు నోటికొస్తే ఇంక పుస్తకంతో పనేముంది. జార్జ్ గారి సైనికుడు సంచీ వెతికి కాగితం లాక్కోగలడు, గొంతులోది ఎలా లాక్కుంటాడు.

అందుకని "అచ్చుయంత్రం వల్ల" అని మీ సారు చెప్పినదాంట్లో నేనొక మాట కలుపుతాను. అచ్చు మాటని ఊరిదాకా తెచ్చింది. ఇంటిదాకా తెచ్చింది నోరు.


ఒంగోలు బిడ్డ
ఆదివారం రాత్రి 10:48

అందరికీ వందనాలు. రెండు రోజులుగా చదువుతున్నా, ఇప్పుడు రాయకపోతే నిద్ర పట్టదు.

మీరందరూ లూథర్ మాట ఎలా వెళ్లిందో చెబుతున్నారు. వెళ్లిన చోట జనం దాన్ని ఏం చేసుకున్నారో ఎవరూ అనలేదు. 1525 మార్చిలో మెమ్మింగెన్ ఊళ్లో రైతులు పన్నెండు కోరికలు రాసుకున్నారు. రాసినవాడు తోలు కోట్లు కుట్టే పనివాడు, సెబాస్టియన్ లొట్జర్. మా పాస్టరుని మేమే ఎంచుకుంటాం, వెట్టి తగ్గించండి, అడవిలో కట్టెలు కొట్టుకోనివ్వండి, క్రీస్తు రక్తమిచ్చి కొన్నవాళ్లం మేం ఒకరికి సొంత బానిసలం ఎలా అవుతాం. అన్నీ బైబిలు వాక్యాలతో. రెండు నెలల్లో పాతిక ముద్రణలు. అదే ప్రెస్సులు, అదే మడత కాగితం.

మరి లూథర్ ఏమన్నాడు? ప్రభువులదీ తప్పేనని మొదట కొంత మెత్తగా రాశాడు. మేలో తిరగబడ్డ రైతుల్ని పిచ్చి కుక్కల్ని కొట్టినట్టు కొట్టండని రాశాడు. అదీ అచ్చయింది. చచ్చిపోయిన రైతులు లక్ష దాకా ఉంటారని అంచనా. స్వేచ్ఛ అనే మాట అచ్చేసి ఊళ్ల మీదికి వదిలాక, "నేనన్నది ఆత్మ స్వేచ్ఛ, మీ ఒంటిది కాదు" అంటే వెట్టి చేసేవాడు ఎందుకు వింటాడు? 1543లో యూదుల మీద విషం కక్కుతూ రాసింది కూడా ఇదే యంత్రం మోసింది. పాఠం చెప్పేటప్పుడు ఈ పేజీ చింపెయ్యకండి.

ఇక మా సంగతి. మా నాయనమ్మ తరం దాకా మా ఇంట్లో ఎవరికీ అక్షరం రాదు. కానీ మాది నాలుగు తరాల క్రైస్తవ కుటుంబం. ఎలా? మా వైపు అందరికీ తెలిసిన పేరు యర్రగుంట్ల పేరయ్య. తాళ్లకొండపాడు మాదిగ. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఒంగోలుకి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర వచ్చిందీ ఆ ఏడాదే. పేరయ్య, ఆయన భార్య నాగమ్మ పల్లె పల్లె తిరిగి బంధువులకి, తోటి పనివాళ్లకి చెప్పారు. పుస్తకం చేతిలో పెట్టి కాదు, పక్కన కూర్చుని. తర్వాత 1876 నుంచి పెద్ద కరువు. క్లౌ దొర బకింగ్‌హాం కాలవలో కొంత ముక్క తవ్వే కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి పని చూపించాడు. ఆ తవ్వకం దగ్గరే సాయంత్రాలు బోధ. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం.

తిండి కోసమే మారారని ఎవరైనా అనబోతే ముందే చెబుతున్నా. కరువు పనులు నడుస్తున్నప్పుడు బాప్తిస్మాలు ఇవ్వకుండా ఆపి ఉంచారు. ఆ తర్వాతే ఇచ్చారు.

జర్మనీలో పుస్తకం ముందు, నోరు వెనక అని మాస్టారు అన్నారు. మా దగ్గర నోరు ముందు. ఆ తర్వాత బడి. పుస్తకం అన్నింటికన్నా ఆఖర్న వచ్చింది. మా నాన్న చేతికి.


నిర్వాహకులు
ఆదివారం రాత్రి 11:20

పై సందేశం కింద వచ్చిన రెండు వ్యాఖ్యలు తీసేశాం. మత మార్పిడి మంచిదా చెడ్డదా అన్న పోట్లాటకి ఈ వేదికలో వేరే చోటు కూడా లేదు. చరిత్ర మాట్లాడుకుందాం.


సీసపక్షరం
సోమవారం ఉదయం 6:10

ఒంగోలు బిడ్డా, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను తల్లీ. నేను నిన్న రాత్రి అంత ధీమాగా రాసిన వాక్యం వెనక్కి తీసుకుంటున్నా. అచ్చు ముందు, నోరు తర్వాత అన్నది అన్నిచోట్లా కాదు.


ఒంగోలు బిడ్డ
సోమవారం ఉదయం 7:45

తల్లీ కాదు బాబాయ్, నేను మగపిల్లాణ్ణి :) అయినా పర్వాలేదు.


హిస్టరీ టీచరమ్మ
సోమవారం సాయంత్రం 6:20

తెలుగు సంగతి వచ్చింది కాబట్టి దీన్ని మళ్లీ జర్మనీకి తిప్పుతాను. తెలుగులో మొట్టమొదట అచ్చయిన పుస్తకాలు ఎక్కడ అచ్చయ్యాయో తెలుసా? మద్రాసులో కాదు, బందరులో కాదు. హాలేలో. విట్టెన్‌బర్గ్ దగ్గరి జర్మన్ ఊరు. 1746లో.

లూథరన్ చర్చి కూడా నూటయాభై ఏళ్లకి బిగుసుకుపోయిందని, గుండెలో భక్తి, ఇంటింటా బైబిలు ఉండాలని పదిహేడో శతాబ్దం చివర ఒక కొత్త సంస్కరణ లేచింది. పైటిజం అంటారు. దానికి హాలే కేంద్రం, ఫ్రాంకె నాయకుడు. అక్కడ చదివిన జీగెన్‌బాల్గ్ 1706లో తరంగంబాడి వచ్చాడు, 1714, 15లలో తమిళంలో కొత్త నిబంధన అచ్చేశాడు. ఆయన తర్వాత వచ్చిన బెంజమిన్ షుల్జ్ మద్రాసు చేరి తెలుగు నేర్చుకుని బైబిలు అనువాదం చేశాడు. అది అచ్చు కాలేదు. 1743లో తిరిగి హాలే వెళ్లి, అక్కడ తెలుగు టైపు చేయించి చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం వంటివి వేశాడు. తెలుగు చదివేవాళ్లకి సముద్రాల అవతల తెలుగు అచ్చు!

ఇక్కడికి చేరువలో అచ్చవడానికి ఇంకా అరవై ఏళ్లు పైనే పట్టింది. విశాఖపట్నంలో డిగ్రాంజెస్, ఆనందరాయర్ కలిసి అనువదించిన సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో వచ్చాయి.


లైప్‌జిగ్ లక్ష్మణ్
సోమవారం రాత్రి 9:00

హాలే మా పక్క ఊరే. ఫ్రాంకె కట్టించిన అనాథాశ్రమం, బడులు ఇప్పటికీ వరసగా ఉన్నాయి. అక్కడ తెలుసుకున్న ఒక సంగతి మాస్టారి కోసం. 1710లో కాన్‌స్టైన్ అనే ఆయన అక్కడ బైబిలు ముద్రణ సంస్థ పెట్టాడు. పేదవాడు కొనే ధరకి ఇవ్వాలని ఆలోచించి, కంపోజు చేసిన టైపుని విప్పకుండా అలాగే కట్టి ఉంచేశారు. కావాల్సినప్పుడల్లా మళ్లీ అచ్చు. కంపోజింగ్ ఖర్చు ఒక్కసారే.


సీసపక్షరం
సోమవారం రాత్రి 9:22

బైబిలు మొత్తం కట్టి ఉంచారా?! ఎంత సీసం నాయనా! మా ప్రెస్సులో రెండు ఫారాలు కట్టి ఉంచితేనే మూడో ఫారానికి "క" వత్తులు కరువు. రాత్రి విప్పి కేసుల్లో వేసుకుంటే గానీ తెల్లారి పని నడవదు. మన తెలుగుకైతే గుణింతాలు, వత్తులు కలిపి వందల గళ్లు. అంత టైపు కొని కదలకుండా పెట్టారంటే, అది వ్యాపారం చేసేవాడి బుర్ర కాదు. మొన్న నేను ముద్రాపకుల భక్తి మీద వేసిన చురక ఈ కాన్‌స్టైన్‌కి వర్తించదు.

షుల్జ్ గారి టైపు చెక్కినవాడికి కూడా ఒక దండం. ఏ అక్షరం ఎలా పలుకుతుందో తెలియకుండా, ఆ మెలికలు మాత్రం చూసి ఉక్కు మీద చెక్కి ఉంటాడు.


ఒంగోలు బిడ్డ
సోమవారం రాత్రి 10:15

మాస్టారి ఎనిమిది పాటల మాటకి మన జోడీ చెప్పి నేను ముగిస్తా. పురుషోత్తమ చౌధరి గారు, 1803లో పుట్టి 1890 దాకా బతికారు. పర్లాకిమిడి వైపు బ్రాహ్మణ కుటుంబం. 1833లో కటక్‌లో బాప్తిస్మం. ఆయన రాసిన కీర్తనలు రాగం, తాళంతో సహా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఇప్పటికీ ఉన్నాయి. మా నాయనమ్మ ఆ పుస్తకాన్ని ఒడిలో పెట్టుకుని పాడేది. చాలా ఏళ్లకి నేను గమనించాను, ఒక్కోసారి తలకిందులుగా పట్టుకునేది. పాట మాత్రం ఎక్కడా తప్పేది కాదు.


సందేహాల సత్తిబాబు
మంగళవారం ఉదయం 8:05

అందరికీ దండాలు. పరీక్షలో సారు చెప్పింది మొదటి పేరాలో రాస్తాను, మీరు చెప్పింది మిగతా పేజీలో. మార్కులు ఎటుపోతాయో చూడాలి.

బాబాయ్ గారూ, కాగితం మడిచాను. పేజీలకి అంకెలు వేసి మళ్లీ విప్పి చూస్తే అంతా గందరగోళం. ఒకటో పేజీ పక్కన ఎనిమిది వచ్చింది. నాలుగు, ఐదు పైన తలకిందులుగా ఉన్నాయి. ఎక్కడో తప్పు మడిచినట్టున్నా.


సీసపక్షరం
మంగళవారం ఉదయం 8:40

తప్పు కాదు, సరిగ్గానే మడిచావు. వాటిని తలకిందులుగానే కట్టాలి. వెనక్కి తిప్పు, రెండు పక్కన ఏడు, పైన మూడు, ఆరు తలకిందులుగా ఉంటాయి. ఇప్పుడు మళ్లీ మడిచి, పై మడత చాకుతో కోసి చూడు.


సందేహాల సత్తిబాబు
మంగళవారం ఉదయం 8:52

వచ్చింది బాబాయ్! ఎనిమిదీ వరసగా!